గాలి తగ్గితేనే నడిచే టైరు

సముద్రపు ఒడ్డున ఇసుకలో పికప్ ట్రక్కో చిన్న లారీయో తిప్పాలి, ఎలాంటి టైర్లు వేయించమంటారని అడిగితే షాపులో ముందుగా చూపించేవి లోతైన గాళ్లు, పెద్ద పెద్ద బటన్లు ఉన్నవాటినే. చూడగానే నేలను కరిచి పట్టుకుంటాయనిపిస్తుంది. బురదలో ఆ నమ్మకం చాలావరకు నిజమే. ఇసుకలో మాత్రం ఆ బటన్లే గొయ్యి తవ్వి బండిని అందులో కూర్చోబెడతాయి. ఇసుక టైరు పుట్టి పెరిగిన తీరును మొదటినుంచి చూసుకుంటూ వస్తే తేలేది ఒక్కటే. ఇసుక మీద బండిని నడిపించేది టైరు పైనున్న గాళ్లు కాదు, లోపలున్న గాలి. ఆ గాలి కూడా ఎక్కువైతే పనికిరాదు. ఎంత తక్కువకు దించినా తట్టుకుని బరువు మోయగలిగేదే ఇసుకకు తగిన టైరు.

గాలి టైరు కథ 1845లో మొదలైంది. స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ ఆ ఏడాది పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డతో గొట్టం చేసి, దానికి తోలు తొడుగు వేసి, గాలి నింపి గుర్రపు బగ్గీ చక్రాలకు బిగించాడు. దాంతో జరిపిన పరీక్షల లెక్కలు ఇప్పటికీ చూడదగ్గవి. చదునైన కంకర రోడ్డు మీద మామూలు చక్రాల బండిని లాగడానికి 45 పౌన్ల బలం పడితే, గాలి చక్రాలకు 28 పౌన్లు సరిపోయింది. అప్పుడే పరిచిన చెకుముకి రాళ్ల మీద 120 పౌన్లు పట్టేది కాస్తా 38న్నరకు దిగింది. నేల ఎంత అధ్వాన్నంగా ఉంటే మెత్తటి చక్రం అంత ఎక్కువ మేలు చేసిందన్నమాట. అయితే ఆ పాఠం తర్వాతివాళ్లకు అందలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరును మళ్లీ కనిపెట్టాడు. 1895లో పారిస్-బోర్దో-పారిస్ పందెంలో మిషెలిన్ సోదరులు దాన్ని కారుకు తగిలించారు. అక్కణ్నుంచి అందరి దృష్టీ రోడ్డు మీద, వేగం మీదే పడింది. టైర్లు సన్నబడ్డాయి, వాటిలో గాలి బిగుసుకుంది. చదరపు అంగుళానికి 50, 60 పౌన్ల ఒత్తిడి ఆనాటి కార్లకు మామూలు సంగతి.

అలాంటి టైర్లకు ఇసుకతో పోరు వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధంలో. ఈజిప్టు పడమటి ఎడారిలో బ్రిటిష్ సైన్యపు లైట్ కార్ పెట్రోల్స్ ఫోర్డ్ మోడల్ టి కార్లతో గస్తీ తిరిగాయి. మూడున్నర అంగుళాల సన్నటి టైర్లతోనూ అవి చాలా దూరం వెళ్లగలిగాయంటే, ఆ కారు బరువు తక్కువ కావడం వల్లే. యుద్ధం ముగిశాక ఫ్రాన్సులో రెండు దారులు తొక్కి చూశారు. సిట్రొయెన్ వాళ్లు వెనక చక్రాలు తీసేసి వాటి స్థానంలో రబ్బరు పట్టాలు బిగించారు. ఆ బళ్లు 1922 డిసెంబరులో తుగ్గుర్త్‌లో బయల్దేరి 1923 జనవరిలో టింబక్టూ చేరాయి. సహారాను కార్లు దాటడం అదే మొదలు. రెనో వాళ్లు ఆరు చక్రాల బండి తయారుచేసి, ఒక్కో చక్రానికి జంట టైర్లు వేశారు. రెండు కంపెనీలూ వెతికింది ఒకే పరిష్కారం: బండి బరువును వీలైనంత ఎక్కువ ఇసుక మీద పరచడం. పట్టాలు బరువైనవి, నిదానమైనవి, తొందరగా అరిగేవి. పన్నెండు టైర్లంటే ఖర్చూ ఎక్కువే, పంక్చర్లూ ఎక్కువే. ఆ రోజుల్లోనే, 1923లో, లావుగా ఉండి తక్కువ గాలితో నడిచే బెలూన్ టైర్లు బజారుకు వచ్చాయి. వాటిని తెచ్చింది గతుకుల రోడ్ల మీద కుదుపులు తగ్గించడానికే అయినా, ఇసుకకు కావలసిన సాధనం కూడా అందులోనే దొరికింది.

దాన్ని గుర్తుపట్టి పద్ధతిగా వాడినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్. ఈజిప్టులో పనిచేసిన ఈ బ్రిటిష్ సైనికాధికారి 1920ల చివరి నుంచి 1932 దాకా స్నేహితులతో కలిసి లిబియా ఎడారిలో ఫోర్డ్ కార్లు నడిపాడు. కారు దాటలేదని అందరూ తేల్చేసిన ఇసుక దిబ్బలను దాటించాడు. అతని కిటుకులు మూడు: లావుపాటి టైర్లు వేయడం, మెత్తటి ఇసుక రాగానే వాటిలో గాలి తగ్గించడం, దిబ్బ ఎక్కేటప్పుడు వేగం తగ్గకుండా చూసుకోవడం. అయినా దిగబడితే వాడటానికి బరువైన ఉక్కు రేకులు బండికి కట్టుకునేవాడు. యుద్ధకాలంలో కందకాలకు పైకప్పుగా వేసిన రేకులవి, కైరో పాతసామాన్ల కొట్లో దొరికాయి. దిగబడిన చక్రం ముందు ఇసుక తోడి, రేకును చక్రం కిందికి జొనిపి, బండిని దాని మీదికి ఎక్కించి, వెనక మిగిలిన రేకును పరుగున తెచ్చి మళ్లీ ముందు వేసేవాళ్లు. ఆ రేకు చేసే పనే గాలి తగ్గిన టైరూ చేస్తుంది, కాకపోతే ఎవరూ దిగి మోయనక్కర్లేదు. ఇసుక స్వభావం మీద బాగ్నోల్డ్ పరిశోధన 1941లో పుస్తకంగా వచ్చింది. అంతకు ముందే, 1940లో, అతను లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే దళాన్ని ఏర్పాటు చేశాడు. తర్వాత అదే పద్ధతిలో భారతీయ సైనికులతోనూ ఒక స్క్వాడ్రన్ పనిచేసింది.

గాలి తగ్గిస్తే ఏం జరుగుతుందో లెక్కవేసి చూడవచ్చు. రెండు టన్నుల బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలిచిందనుకుంటే ఒక్కో చక్రానికి 500 కిలోలు. టైరులో 35 పౌన్ల గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండున్నర కిలోల ఒత్తిడి. ఆ బరువు మోయడానికి నేలకు తాకవలసిన మేర సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. గాలి 15కు దించితే అది సుమారు 475 అవుతుంది. పక్కగోడల బిరుసు వల్ల నిజంలో లెక్క కొంచెం మారినా, పోకడ మాత్రం ఇదే. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గాలి తీస్తే టైరు వెడల్పవుతుందనుకుంటారు. టైరు వెడల్పు 20 సెంటీమీటర్లనుకుంటే, ఆ వెడల్పు పెద్దగా మారదు. నేలకు ఆనే అచ్చు పొడవే 10 సెంటీమీటర్ల నుంచి 24 దాకా సాగుతుంది. చక్రం అడ్డంగా వెడల్పయితే ముందున్న ఇసుకనంతా నెట్టుకుంటూ పోవాలి, నిలువుగా సాగితే ఆ శ్రమ లేకుండానే బరువు పరుచుకుంటుంది.

ఎడారి పాఠాన్ని సముద్రతీరానికి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. ఓడల్లోంచి సామాను రేవు లేని ఒడ్డుకు చేర్చడానికి అమెరికా 1942లో డక్ అనే ఉభయచర ట్రక్కును తయారుచేసింది. జనరల్ మోటార్స్ వారి రెండున్నర టన్నుల సైనిక లారీయే దానికి ఆధారం. మామూలు లారీకి వెనక జంట టైర్లతో కలిపి పది సన్నటి టైర్లు ఉండేవి. డక్‌కు వాటి బదులు ఆరు లావుపాటి టైర్లు ఒంటిగా వేశారు. జంట టైర్లున్న బండిలో వెనక చక్రాలు కొత్త ఇసుకను తొక్కుకుంటూ పోవాలి. ఒంటి టైర్లయితే ముందు చక్రం నొక్కి గట్టిపరిచిన జాడలోనే వెనకవి నడుస్తాయి. ఆ ఏడాది డిసెంబరులో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ దగ్గర తుఫాను గాలుల్లో కోస్ట్ గార్డ్ పడవ ఇసుక తిన్నె మీద చిక్కుకుంటే, అందులోని ఏడుగురిని పరీక్షల్లో ఉన్న డక్ ఒడ్డుకు చేర్చింది. సైన్యంలో దాని మీదున్న సందేహాలు దాంతో తీరాయి. తర్వాత దానికి మరో ఏర్పాటు తోడైంది. డ్రైవరు సీట్లోంచి కదలకుండానే, బండి నడుస్తుండగానే టైర్లలో గాలి పెంచవచ్చు, తగ్గించవచ్చు. రోడ్డు మీద 40 పౌన్లు ఉండేది, ఒడ్డున ఇసుక తగలగానే పది పన్నెండుకు దిగేది. 20,000కు పైగా తయారైన ఈ బళ్లు సిసిలీలో, నార్మండీలో ఒడ్డుకు మోసిన సరుకంతా టైరులో గాలి ఎంతుండాలన్నది నేలను బట్టి ఉంటుందనడానికి రుజువే.

యుద్ధానంతరం ఈ అనుభవం శాస్త్రంగా మారింది. పోలండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన మియెచిస్వాఫ్ బెక్కర్ 1956లో నేలకూ చక్రానికీ ఉన్న సంబంధంపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. 1971లో చంద్రుడి మీద తిరిగిన రోవర్ చక్రాల వెనుక అతని కృషి ఉంది. గాలి లేని ఆ తీగ అల్లిక చక్రాలు కూడా మెత్తగా అణిగేవే. మిసిసిపీలోని విక్స్‌బర్గ్ సైనిక ప్రయోగశాలలో డీన్ ఫ్రైటాగ్ 1965లో ఇసుకలో టైరు ఎంత బాగా నడుస్తుందో చెప్పే సూత్రం కట్టాడు. అందులో ఉన్నవి ఐదు: ఇసుక గట్టిదనం, టైరు వెడల్పు, దాని వ్యాసం, మీదున్న బరువు, ఆ బరువుకు టైరు ఎంత అణుగుతోందన్నది. వెడల్పుకెంత విలువో వ్యాసానికీ అంతే విలువ. గాళ్ల లోతుకు ఆ సూత్రంలో చోటే లేదు. ఎడారి కోసమే మిషెలిన్ చేసిన ఎక్స్ఎస్ టైరు కూడా ఇదే మాట చెబుతుంది. పైన లోతు తక్కువ అచ్చు, పక్కన వంగే గోడలు.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. ఇసుక పందేల బళ్లకు తెడ్లలాంటి పట్టీలున్న టైర్లు వేస్తారు కదా అంటారు. నిజమే. అవి తేలికైన బళ్లు, ఇంజన్ బలం ఎక్కువ. చక్రం జోరుగా తిరిగి ఇసుకను వెనక్కి విసిరితే బండి ముందుకు దూకుతుంది. సరుకుతో నిండిన ట్రక్కుకు ఆ జోరు ఉండదు కాబట్టి, ఆ తెడ్లే కింద గొయ్యి తీస్తాయి. మన తీరంలో పెద్ద బటన్ల ట్రాక్టర్లు పడవలను ఒడ్డుకు లాగడం లేదా అనవచ్చు. అక్కడ పని చేసేది ట్రాక్టరు వెనక చక్రపు ఎత్తు, అందులో ఉండే తక్కువ గాలి. పొలాల కోసం ఆ సూత్రాన్నే ఇంకా ముందుకు తీసుకెళ్లినవి వెడల్పాటి ఫ్లొటేషన్ టైర్లు. ఇక వేల్స్‌లోని పెండైన్, ఫ్లోరిడాలోని డేటోనా తీరాల్లో సన్నటి టైర్లతోనే వేగపు రికార్డులు పడ్డాయన్నది మరో వాదన. అది అలలు తడిపి గట్టిపరిచిన ఇసుక. కేరళలో ముళప్పిలంగాడ్ ఒడ్డున మామూలు కార్లు తిరిగేది కూడా అందుకే. ఆ తడి చారకు పైన ఉండే పొడి ఇసుకలో, ఒడ్డుకు దిగే దారిలో ఆ మాట చెల్లదు. బళ్లు దిగబడేది ఎక్కువగా అక్కడే.

గట్టిగా ఆలోచించవలసిన అభ్యంతరం ఒక్కటే, గాలి తగ్గిస్తే టైరు పాడవుతుందన్నది. అందులో సత్యం ఉంది. తక్కువ గాలితో తారురోడ్డు మీద వేగంగా పోతే పక్కగోడలు అదే పనిగా వంగి వేడెక్కి చీలిపోతాయి. ఇసుకలోనైనా ఒక్కసారిగా మలుపు తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి జారవచ్చు. దీనికి మందు గాలి దించకపోవడం కాదు. నిదానంగా నడిపి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవడం. ఉత్తర కరొలైనాలోని కేప్ హాటెరస్ తీరంలో బళ్లకు అనుమతినిచ్చే అమెరికా పార్కు సర్వీసు 20 పౌన్లు సిఫార్సు చేసి, గాలి చూసే మీటరు దగ్గరుంచుకోమంటుంది.

కాబట్టి తీరం కోసం టైరు ఎంచుకునేవాళ్లు ముందు చూడవలసింది బండికి రాసుకోకుండా పట్టే పెద్ద సైజు, వీలైతే వెనక జంట టైర్లకు బదులు ఒంటి టైరు. తర్వాత పక్కగోడ మెత్తదనం. రేడియల్ అయి ఉండాలి, మోసే బరువుకు అవసరమైనంతకు మించి ప్లైలు ఉండకూడదు. ఎందుకంటే పది ప్లైల టైరు ఖాళీ ట్రక్కు కింద అణగనే అణగదు. గాళ్ల విషయానికి వస్తే రోడ్డుకు సరిపోయే సాధారణ అచ్చు చాలు. చేతిలో డబ్బు తక్కువైతే కొత్త టైర్లు తర్వాత చూసుకోవచ్చు. బండి బ్యాటరీతో నడిచే గాలి పంపు, నమ్మకమైన మీటరు ముందు కొనాలి. ఆ రెండూ ఉంటే ఉన్న టైర్లతోనే చాలా తీరాలు దాటవచ్చు. అవి లేకుండా ఎంత ఖరీదైన టైరు వేయించినా, దాన్ని రోడ్డు గాలితోనే ఇసుకలోకి దించినట్టు.