మంత్రసాని నుంచి మిడ్‌వైఫ్ వరకు: తెలుగునేలపై పురిటిసేవ

ఉపోద్ఘాతం

చూలు, కానుపు, పురుడు, బాలింతతనం అనే మాటలు తెలుగులో గర్భధారణ నుంచి ప్రసవానంతర విశ్రాంతి వరకు సాగే కాలంలోని వేర్వేరు దశలను సూచిస్తాయి. ప్రసవమనేది ఒక్క ఘడియలో ముగిసే ఘటన కాదనీ, అది కొంతకాలం సాగే అవస్థ అనీ ఈ పదజాలమే చెబుతున్నది. ఈ అవస్థలో నొప్పులు మొదలైనది మొదలు పురిటిస్నానం వరకు స్త్రీకి తోడుగా నిలిచిన వ్యక్తి మంత్రసాని. ఆధునిక వైద్యం తెలుగునేలపై ప్రసవాన్ని సురక్షితం చేసిన క్రమంలో ఈ తోడు వైద్యసేవ పరిధినుంచి జారిపోయింది. ఆ పరిణామాన్ని పదాల సాక్ష్యంతోనూ, సంస్థల చరిత్రతోనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం, సామెత

‘స్వామిని’ శబ్దానికి వికృతిగా భావించే ‘సాని’ మధ్యయుగ శాసనాలలో స్త్రీల పేర్ల చివర గౌరవవాచకంగా కనిపిస్తుంది. ఆలయసేవలో ఉన్న స్త్రీలకూ ఇదే మాట వర్తించింది. కాలక్రమంలో దానికి నిందార్థం ఏర్పడినా, ‘మంత్రసాని’ సమాసంలో మాత్రం పాత గౌరవం కొంత నిలిచి ఉంది. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులో ఈ పదం ప్రసవం చేయించే స్త్రీ అనే అర్థంతో చోటు చేసుకొన్నది.

మంత్రసానితనానికి ఒప్పుకొన్నప్పుడు ఏది వచ్చినా పట్టవలసిందే అనే సామెత నేడు తలపెట్టిన పనినుంచి వెనుదీయరాదనే అర్థంలో వాడుకలో ఉంది. దాని మూలసందర్భాన్ని గమనిస్తే రెండు విషయాలు తేటపడతాయి. మొదటిది వృత్తిధర్మం: పురిటింట అడుగుపెట్టిన మంత్రసాని ఫలితం ఏదైనా మధ్యలో విడిచి వెళ్ళదు. రెండవది సామాజికస్థితి: రక్తమూ, మైలా, మలినమూ తాకే బాధ్యత ఆమెదే. ఒకే సామెత ఆమె నిబద్ధతను మెచ్చుకొంటూనే ఆమె పనిని హీనంగానూ చూపుతున్నది.

సేవాస్వరూపం

మంగలి స్త్రీలు అనేక ప్రాంతాలలో ఈ వృత్తిని నిర్వహించారు. ఇతర శ్రామికకులాల స్త్రీలూ, కొన్నిచోట్ల దళితస్త్రీలూ ఈ పని చేశారు. నొప్పుల తీరు కనిపెట్టడం, గర్భిణిని నడిపించడం, నడుము మర్దించడం, ధైర్యం చెప్పడం, బిడ్డను అందుకోవడం, మాయ పడేవరకు కనిపెట్టుకొని ఉండడం, బొడ్డు కోయడం ఆమె ప్రధానమైన పనులు. ప్రసవం తరువాత తల్లికీ బిడ్డకూ నూనె మర్దించి నీళ్ళు పోయడమూ చాలాచోట్ల ఆమె బాధ్యతే. ప్రతిఫలం ధాన్యంగానో చీరగానో ముట్టేది. పురిటిగదిలో ఆమె మాటకు ఎదురుండేది కాదు. మైల తీరిన తరువాత మాత్రం అదే ఇంట ఆమె స్థానం మళ్ళీ గడప అవతలికి మారేది.

ఈ సేవను ఆదర్శంగా మాత్రమే చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. శుభ్రపరచని పరికరంతో బొడ్డు కోయడంవల్ల శిశువులకు ధనుర్వాతం సోకేది. అడ్డం తిరిగిన బిడ్డ, ఆగని రక్తస్రావం, సూతికాజ్వరం వంటి సందర్భాలలో మంత్రసాని చేతిలో తగిన ఉపాయం ఉండేది కాదు.

సంస్థాగత పరిణామం

ప్రసవానికి ప్రత్యేకమైన స్థలం ఉండాలనే భావన తెలుగునేలకు కొత్తది కాదు. కాకతీయ రుద్రమదేవి కాలంనాటి మల్కాపురం శాసనం (1261) విశ్వేశ్వర శివాచార్యుల ఆధ్వర్యంలోని గోళకీమఠానికి అనుబంధంగా ఆరోగ్యశాలతో పాటు ప్రసూతిశాలను పేర్కొన్నది.

ఆధునిక కాలంలో మద్రాసులో 1844లో ప్రసూతి ఆసుపత్రి ఏర్పడింది. 1854లో మంత్రసానుల శిక్షణశాలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. స్త్రీలకు స్త్రీవైద్యుల సేవ అందించే లక్ష్యంతో 1885లో డఫరిన్ నిధి వెలసింది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి ప్రారంభమైంది. సంప్రదాయ దాయిలకు శిక్షణ ఇచ్చేందుకు 1903లో విక్టోరియా స్మారక నిధి ఏర్పాటైంది. 1926 నాటి మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం నమోదు పద్ధతిని తెచ్చి, అర్హత కలవారినీ లేనివారినీ వేరుపరచింది.

ఈ క్రమంలో మంత్రసాని అనే మాటకు అజ్ఞానం, అపరిశుభ్రత అనే అర్థచ్ఛాయలు అంటుకొన్నాయి. పరిశుభ్రత లోపాన్ని ఎత్తిచూపడం అవసరమే. కాని దానితోపాటు ఆమె అనుభవజ్ఞానమంతా మూఢాచారమనే లెక్కలోకి చేరింది. కొమఱ్ఱాజు అచ్చమాంబ వంటి వైద్యురాలు ‘ప్రసూతి-శిశుపోషణ’ రచించడం ఈ సందర్భంలో విశేషమైనది. ప్రసవజ్ఞానం తెలుగులో, స్త్రీ రాసిన గ్రంథంగా చదువరులకు చేరింది. అంతవరకు చేతినుంచి చేతికి అందిన విద్య అచ్చులోకి వచ్చిన కొద్దీ, దానిని చదవగలిగినవారికీ ఆ పని చేస్తున్నవారికీ మధ్య దూరం కూడా ఏర్పడింది.

వర్తమానం

2019–21 నాటి 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97.0 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం ప్రసవాలు ఆసుపత్రులలోనే జరిగాయి. ఇది గొప్ప విజయం. అదే సర్వేలో శస్త్రచికిత్స ద్వారా జరిగిన ప్రసవాలు దేశవ్యాప్తంగా 21.5 శాతం కాగా తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ప్రాణరక్షణకు అవసరమైన చికిత్స సాధారణ పద్ధతిగా మారుతున్నదని ఈ అంకెలు హెచ్చరిస్తున్నాయి.

ఈ నేపథ్యంలోనే తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌ల సహకారంతో కరీంనగర్‌లో నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018లో కేంద్రప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలను వెలువరించింది. గర్భిణికి ప్రసవక్రమాన్ని వివరించడం, తోడుగా ఒకరిని అనుమతించడం, నొప్పుల వేళ నడవనివ్వడం, అనుకూలమైన భంగిమను ఎంచుకోనివ్వడం, అవాంతరం కనిపించిన వెంటనే వైద్యునికి అప్పగించడం ఈ విధానంలోని ముఖ్యాంశాలు. చివరి అంశం ఆధునిక వైద్యం ప్రసాదించినది. మిగిలినవాటిలో చాలా భాగం మంత్రసాని ఎరిగినవే.

ముగింపు

తెలుగులో అందుబాటులో ఉన్న మాటను విడిచి కొత్త విధానం ‘మిడ్‌వైఫ్’ అనే పరభాషాపదంతోనే వ్యవహారంలోకి వచ్చింది. సేవ తిరిగి వచ్చినా, దానిని తరతరాలుగా నిర్వహించిన స్త్రీల పేరు తిరిగి రాలేదు. సామెతలు, పురిటిపాటలు, నిఘంటువులు, వృత్తిపదకోశాలు వైద్యచరిత్రకు కూడా ఆకరాలే. వాటిని ఆ దృష్టితో చదివినప్పుడు మంత్రసాని జ్ఞానంలో నిలిచేది ఏదో, విడువవలసినది ఏదో వేరుచేసి చూడడం సాధ్యమవుతుంది. ఆమె విద్యను స్వీకరిస్తూ ఆమె కులాన్నిబట్టి ఆమె పేరును మాత్రం పక్కన పెట్టడం ఎంతవరకు సమంజసమో తెలుగు పరిశోధన తేల్చవలసిన ప్రశ్న.