గోమారి మోసుకొచ్చే జ్వరం

అనంతగిరి ఘాట్ రోడ్డు వదిలాక కాఫీ తోటల మధ్య మట్టిదారి పట్టిన జీపు, ఎక్కగలిగినంత ఎక్కి ఆగిపోయింది. ఇక నడకే. వాన వెలిసి గంట కాలేదు. సిల్వర్ ఓక్ చెట్ల మీంచి నీళ్లింకా రాలుతున్నాయి. వాటిని అల్లుకున్న మిరియపు పాదులు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. మీ చేతికి థర్మాకోల్ పెట్టె ఇచ్చారు. అందులో ఐసు, సూదులు, స్లైడ్లు, మిథనాల్ సీసా, జీమ్సా రంగు ఉన్నాయి. ముందు నడుస్తున్న పశువైద్యురాలు పశువుల్లోనూ అడవి జంతువుల్లోనూ బతికే ఏకకణ పరాన్నజీవుల మీద పరిశోధన చేస్తున్నారు. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకొమ్మని మీకు సైగ చేశారు. దోపుకోండి. ఈ గడ్డి పోచల చివర పిడుదులు కాళ్లు చాపుకుని కాచుకుంటాయి. వెచ్చని ఒళ్లు ఏది తగిలితే దాన్ని పట్టుకుంటాయి.

ఊరి మొదట్లోనే పశువుల పాక. లోపల నాలుగు పొట్టి నాటు పశువులు తాపీగా నెమరేస్తున్నాయి. వాటి పక్కన ఎర్ర జెర్సీ పడ్డ ఒకటి తల వేలాడేసి నిలబడింది. మైదానంలో కొని తెచ్చిన సంకర జాతి పశువు.

"ఎన్నాళ్లయింది తాతా?"

"మూడు పొద్దులైనాదమ్మా. గడ్డి ముట్నేదు. మా నాటువాటికేటీ అవనేదు, దీనికే ఒచ్చింది."

థర్మామీటరు 106 చూపించింది. ఆమె చెయ్యి నేరుగా భుజం ఎముక ముందుకు వెళ్లింది. అక్కడ మీరూ తడిమి చూడండి. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ చేతికి తగులుతుంది. అది లింఫు గ్రంథి. ఆరోగ్యంగా ఉన్న పశువుకు ఇది ఇలా ఉబ్బి ఉండదు. కనురెప్ప తిప్పితే లోపలి పొర పాలిపోయి ఉంది. తోక ఎత్తితే గోమార్లు, అంటే పశువుల పిడుదులు. ఒక్కోటి రక్తం తాగి ఉబ్బి, ఆముదపు గింజంత అయింది. ఆమె పట్టకారుతో ఒకదాన్ని చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా తిన్నగా లాగారు. దాన్ని భూతద్దం కింద పెట్టి మీకు చూపిస్తున్నారు. మూతి పొడుగ్గా ఉంది, గోధుమరంగు కాళ్ల మీద తెల్లటి పట్టీలున్నాయి. హయలోమా జాతి. ఆమె ముఖంలో అనుమానం సగం తీరిపోయింది.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. చెవి అంచు శుభ్రంగా తుడిచి సూదితో పొడిచారు. మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కను స్లైడు చివర పెట్టారు. ఇంకో స్లైడును ఏటవాలుగా ఆనించి, ఆగకుండా ఒక్క తోపు తోశారు. చుక్క పల్చని పొరలా పరుచుకుని చివర నాలుకలా సన్నబడింది. ఆ సన్నబడ్డ చోట ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా ఉంటాయి, పరాన్నజీవి కనబడేది అక్కడే. తర్వాత ఉబ్బిన గ్రంథిలోకి సన్నటి సూది గుచ్చి, వచ్చిన కాస్త ద్రవాన్ని ఇంకో స్లైడు మీద పూశారు. గాలికి ఆరనిచ్చి, మిథనాల్‌లో ముంచి, రంగులో పెట్టారు. దానికి అరగంట పడుతుంది.

ఆ అరగంట ఖాళీగా కూర్చోరు. ఊరి వెనక చోడి చేను దాటితే అడవి. దారిలో పెద్ద చెదపుట్ట. దాన్ని చూడగానే ఆమెకు విశాఖ గుర్తొచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో సి.సి. నరసింహమూర్తి, సి. కళావతి ఇలాంటి చెదపురుగుల్లోనూ చేపల్లోనూ బతికే పరాన్నజీవుల కోసం ఏళ్లపాటు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. చెదపురుగుల్లోని నాలుగు కొత్త మైక్రోస్పోరిడియా జాతులను 1976లో కళావతి వర్ణించారు. అప్పట్లో వాటిని ప్రోటోజోవాల్లో లెక్కవేసేవారు, ఇప్పుడు శిలీంధ్రాల పక్కకు చేర్చారు. ఎవరికీ పాలివ్వని, పొలం దున్నని పురుగు కడుపులో ఏముందో అంత శ్రద్ధగా చూసిన మనుషులు మనకు ఉన్నారని నాకు గర్వంగా ఉంటుంది.

అడవి అంచున నేల కొత్తగా దున్నినట్టు ఉంది. రాత్రి అడవిపందులు దుంపల కోసం తవ్వాయి. ఇంకాస్త లోపల జింక పెంటికలు దొరికాయి. జంతువును పట్టుకోనక్కర్లేదు, బెదిరించనక్కర్లేదు. తడి ఆరని పెంటికలను ఏరి, రెండున్నర శాతం పొటాషియం డైక్రోమేట్ ద్రావణం ఉన్న సీసాలో వేస్తే చాలు. అందులో ఐమీరియా అనే పేగుల పరాన్నజీవి గుడ్లుంటే కుళ్లిపోకుండా పక్వానికి వస్తాయి. ఆ తర్వాత ఉప్పునీళ్లలో కలిపితే పైకి తేలతాయి. కోడిపిల్లల రక్తపారుడుకు కారణం ఈ ఐమీరియా కుటుంబమే. అయితే కోడిలోది మేకకు రాదు, మేకలోది జింకకు రాదు. ఏ జాతి జంతువుకు ఆ జాతి ఐమీరియా.

అన్నీ ఇలా హద్దుల్లో ఉండవు. మీ మెడ చుట్టూ ఇందాకట్నుంచి జుమ్మంటున్న జోరీగ అలాంటి హద్దులు ఎరగని సర్రా జబ్బును మోస్తుంది. దాని పరాన్నజీవి ట్రిపనోసోమా ఎవాన్సీ. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెలు చచ్చిపోతుంటే వాటి రక్తంలో గ్రిఫిత్ ఎవాన్స్ దీన్ని చూశాడు. ఒక పశువును కుడుతూ మధ్యలో లేచిన జోరీగ, మూతికి అంటిన తడి రక్తంతోనే ఇంకో పశువు మీద వాలుతుంది. అంతకు మించి అది చేయాల్సిన పనేమీ లేదు. గేదెలు చాలాసార్లు పైకి ఏమీ కనబడకుండా దీన్ని మోస్తాయి. గుర్రాలు, కుక్కలు చచ్చిపోతాయి. పులులూ చచ్చిపోతాయి. ఇదే తూర్పు కనుమలకు ఉత్తరాన, భువనేశ్వర్ నందన్‌కానన్ జూలో 2000 సంవత్సరంలో కొద్ది రోజుల తేడాతో పదికి పైగా పులులను బలిగొన్నది సర్రాయే. మనిషికి ఇది రాదనే అనుకున్నారు. మన రక్తంలో దాన్ని చంపే అపోఎల్1 అనే ప్రోటీన్ ఉంటుంది. 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ ప్రాంతంలో ఒక రైతుకు సోకింది. పరీక్షిస్తే అతని రక్తంలో ఆ ప్రోటీనే లేదని తేలింది.

అడవి జంతువు రోగాలు అడవివి, మన పశువు రోగాలు మనవి అనే గీత అధికారుల ఫైళ్లలో ఉంటుంది. పశుసంవర్ధక శాఖ వేరు, అటవీ శాఖ వేరు. గోమారికి ఆ గీత తెలియదు. 2018 సెప్టెంబరు, అక్టోబరుల్లో గిర్ అడవిలో మూడు వారాల్లో 23 సింహాలు పోయాయి. వాటిలో కుక్కల డిస్టెంపర్ వైరస్‌తో పాటు, పిడుదుల ద్వారా వచ్చే బబీసియా అనే పరాన్నజీవి కూడా బయటపడింది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ఉమాపతి బృందం ఆనమలై కొండల్లో సింహపుతోక కోతుల మలం పరీక్షించి 2013లో ప్రచురించిన ఫలితం చదవండి. మనుషుల మసలుబాటు ఉన్న అడవి ముక్కల్లో కోతులకు పరాన్నజీవుల బెడద ఎక్కువ. మనం అడవికి ఇచ్చేదీ తక్కువేం కాదు.

అరగంట దాటింది. బడి వరండాలో, వెలుతురు పడే వైపు, అద్దం ఉన్న పాత సూక్ష్మదర్శిని పెట్టారు. ఈ కొండ మీద కరెంటును నమ్ముకోలేరు. కడిగి ఆరబెట్టిన స్లైడు మీద నూనె చుక్క వేసి, వంద రెట్లు పెద్దది చేసే కటకం దించారు. చూడండి. గులాబీ రంగు ఎర్రకణాలు. వాటిలో కొన్నింటిలో ఉంగరాల్లా, కామాల్లా సన్నటి ఊదా గుర్తులు. గ్రంథి నుంచి తీసిన స్లైడు మార్చితే ఇంకా స్పష్టం. తెల్లకణాల లోపల నీలిరంగు ముద్దలు, వాటి నిండా ఎర్ర చుక్కలు. వీటిని రాబర్ట్ కాక్ పేరు మీద కాక్స్ బ్లూ బాడీస్ అంటారు. ఈ పడ్డ జ్వరానికి కారణమైన పరాన్నజీవి థైలీరియా ఆన్యులేటా.

ఈ ప్రాణి చేసే పని నన్ను ఎప్పుడూ నిలబెట్టేస్తుంది. అది తెల్లకణంలోకి దూరి దాన్ని చంపదు. ఆగకుండా విభజించుకొమ్మని తోస్తుంది. కణం రెండవుతుంటే తానూ రెండవుతుంది. క్యాన్సర్ కణానికి, దీనికి నడతలో తేడా చెప్పడం కష్టం. మందు పడి పరాన్నజీవి చస్తే మాత్రం కణం ఆ వెర్రి మానుతుంది. పాకలో నెమరేస్తున్న నాటు పశువుల రక్తంలోనూ ఇది ఉండొచ్చు. తరతరాలుగా కలిసి బతికిన ఒళ్లు కనుక అవి తట్టుకుంటాయి. విదేశీ రక్తం కలిసిన జెర్సీకి ఆ పరిచయం లేదు. పిల్ల దశలో ఒక పశువు రక్తంతో పాటు దీన్ని తాగిన హయలోమా, కుబుసం విడిచి పెద్దదయ్యాక ఇంకో పశువుకు అంటిస్తుంది. మధ్యలో అది దాక్కునేది పాక గోడ నెర్రెల్లోనే.

గుమ్మం దగ్గర వేటకుక్క ఒకటి పడుకుని ఉంది. ఒక కంటికి నీలిపొర. కుక్కల్లో సర్రాకు అదొక గుర్తు. ఆమె ఒక చుక్క తీసి, రంగు వేయకుండా పచ్చిగానే చూశారు. ట్రిపనోసోమా ఉంటే ఎర్రకణాలను తోసుకుంటూ మెలికలు తిరుగుతూ కనిపించాలి. ఏమీ కదల్లేదు. లేదని దీని అర్థం కాదు, రక్తంలో అది కొన్ని రోజులు తగ్గి కొన్ని రోజులు పెరుగుతుంది. వడపోత కాగితం మీద ఇంకో చుక్క ఆరబెట్టారు, ల్యాబులో పీసీఆర్ చేయడానికి.

పడ్డ బరువు టేపుతో కొలిస్తే 160 కిలోలు. బుపార్వాక్వోన్ కిలోకు రెండున్నర మిల్లీగ్రాములు, అంటే ఎనిమిది మిల్లీలీటర్లు, మెడ కండలో లోతుగా. ఈ మందు ఖరీదైనది. తాత లాంటి వాళ్లు కొనుక్కోగలిగేది కాదు. టీకా ఉంది, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే రక్షవాక్-టి. కానీ అది బలహీనపరచిన బతికున్న కణాల టీకా, ద్రవ నత్రజని పాత్రలో మోసుకురావాలి. జీపే ఎక్కని ఈ ఊరికి ఆ పాత్ర ఎవరు మోస్తారు? బ్యాంకు రుణంతో సంకర జాతి ఆవును కొండకు పంపే ప్రతి పథకమూ ఆ ఆవు కొండెక్కక ముందే, కింద ఉండగానే టీకా వేయించి పంపాలి. అది లేకుండా ఆవును ఇవ్వడం గిరిజన రైతుకు అప్పు ఇచ్చి ఆస్తిని లాక్కోవడమే.

సంతలో పశువును కొనేవాళ్లకు, కొనిచ్చేవాళ్లకు చెప్పేది ఇదే. తెచ్చిన రోజే మందలో కలపకండి, మూడు వారాలు విడిగా కట్టండి. పాక గోడల నెర్రెలు మట్టితో పూడ్చండి. జ్వరం వచ్చి భుజం ముందు గడ్డ తగిలితే రెండు రోజులు చూద్దామని ఆగకండి. సంచార పశువైద్యం నంబరు 1962కి ఫోన్ చేయండి. వచ్చిన డాక్టరును, సూది వేసేముందు చెవి నుంచి ఒక్క చుక్క స్లైడు మీద తీయమని అడగండి.