ప్రిన్సిపాల్ గదిలో రాజీ: బడిలో జరిగిన లైంగిక నేరం, కుటుంబం ముందున్న చట్టపు దారులు

పోక్సో చట్టం మీద మన పత్రికల్లో వచ్చిన వ్యాసాలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. సెక్షన్లు వరసగా చెబుతారు, శిక్షలు చెబుతారు, చివర్లో తల్లిదండ్రులకు ధైర్యం చెప్పి ముగిస్తారు. నేరం చేసినవాడు ఆ బడి మాస్టారో హాస్టల్ వార్డెనో అయినప్పుడు ఆ తల్లిదండ్రులు ఎవరి ఎదుట కూర్చోవలసి వస్తుందో మాత్రం ఎవరూ రాయరు. గురుకులంలోనైనా ఆశ్రమ పాఠశాలలోనైనా సంగతి బయటికి పొక్కగానే ముందు నడిచేది పంచాయితీ. స్టేషన్ మాట తర్వాతే. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీలు పడతాయి, పెద్దమనుషులు వస్తారు, పిల్ల భవిష్యత్తు గురించి పిల్ల తండ్రికే నీతులు చెబుతారు. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో రాజీ చేసే హక్కు చట్టప్రకారం ఒక్కరికీ లేదు. పోలీసులకు చెప్పవలసిన బాధ్యత మాత్రం అందరికీ ఉంది. 2012 నాటి పోక్సో చట్టంలో సమాచారం ఇవ్వాలనే 19, ఇవ్వకపోతే శిక్షించే 21 సెక్షన్లను కలిపి చదివితే తేలేది ఇదే. మన వ్యాఖ్యాతలు వాటిని విడివిడిగా చదివి వదిలేశారు.

బాలల హక్కుల రంగంలో దీనికి ఎదురువాదం ఒకటి గట్టిగా పాతుకుపోయి ఉంది. నేరం తెలిసినవాళ్లంతా సమాచారం ఇచ్చి తీరాలనడం కుటుంబం చేతిలోని నిర్ణయాన్ని లాగేసుకోవడమేననీ, కేసు భయంతో వాళ్లు ఆస్పత్రికి కూడా రాకుండా పోతారనీ ఆ పక్షం అంటుంది. వినడానికి మర్యాదగా ఉంది. కానీ ఆ వాదంలోని కుటుంబానికి చదువు, తీరిక, తెలిసిన వకీలు అన్నీ ఉన్నట్టున్నాయి. బిడ్డకు తిండి, పడక, చదువు మూడూ ఆ హాస్టలే ఇస్తున్నప్పుడు, టీసీ చేతిలో పెట్టి పంపేస్తామన్న మాటకు బెదిరి తండ్రి వేసిన సంతకాన్ని స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం అనగలమా? ఎంపిక హక్కును బలవంతుడి చేతిలో పెట్టి దానికి బాధితుల ఇష్టమని పేరు పెట్టడం తప్ప ఈ వాదం సాధించేదేమీ లేదు. ఇష్టపూర్వక సంబంధాల్లో గర్భం దాల్చిన మైనర్ల విషయంలో వైద్యులు పేరు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చిన మాట నిజమే. అది మాస్టార్లకు వర్తించదు.

నా వాదనకు మొదటి ఆధారంగా రాజస్థాన్‌లోని గంగాపూర్ సిటీ కేసును కాస్త నిదానంగా చూడాలి. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు తరగతి గదిలో తన కూతురితో అసభ్యంగా ప్రవర్తించాడని 2022 జనవరి 8న తండ్రి కేసు పెట్టాడు. అదే నెల 31న, అపార్థం వల్ల అలా జరిగిందంటూ స్టాంపు కాగితం మీద సంతకం చేశాడు. ఫిబ్రవరి 4న హైకోర్టు ఆ కాగితం ఆధారంగా ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసింది. అంటే ఫిర్యాదుకూ రద్దుకూ మధ్య నెల కూడా తిరగలేదు. ఆ కాగితం ఎవరు రాయించారో, తండ్రిని ఎవరు కూర్చోబెట్టి నచ్చజెప్పారో తీర్పులు చెప్పవు. మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సుప్రీంకోర్టుకు వెళ్లింది ఆ తండ్రి కాదు, కేసుతో నేరుగా సంబంధం లేని స్థానికులు. వాళ్లకు అడిగే అర్హత లేదన్న అభ్యంతరాన్ని కోర్టు పక్కన పెట్టింది. బడిలో ఉపాధ్యాయుడు చేసిన ఇలాంటి పనిని ఇద్దరి మధ్య సొంత తగాదాగా చూడలేమనీ, అది సమాజం మీద నేరమనీ 2024 నవంబరు 7న తేల్చి (రామ్‌జీలాల్ బైర్వా కేసు), కేసును మళ్లీ బతికించింది. తండ్రి వెనక్కి తగ్గినా కేసు నిలబడుతుందంటే, తండ్రిని బెదిరించి లాభం లేదన్నమాట. కుటుంబానికి ఇంతకంటే గట్టి రక్షణ ఏముంటుంది?

రెండో ఆధారం మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాది. అక్కడి రెసిడెన్షియల్ పాఠశాల హాస్టల్లో గిరిజన బాలికలపై అత్యాచారాలు జరిగాయన్న కేసులో, విషయం తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఉన్న వైద్యుడి మీది ఎఫ్‌ఐఆర్‌ను బొంబాయి హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. తెలిసీ మౌనంగా ఉండటం తీవ్రమైన నేరమని ఆ తీర్పు సారం. 21వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఇంకో మెట్టు పైకి వెళ్తుంది: తన చేతికింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది దాకా జైలు, జరిమానా. పంచాయితీకి పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాలే ముద్దాయి అవుతాడు. ఈ ఒక్క ఉపవిభాగాన్ని పోలీసులు మనసుపెట్టి వాడితే సగం పంచాయితీలు మొదలవకుండానే ఆగిపోతాయనడానికి నేను వెనుకాడను. హైదరాబాదు బంజారాహిల్స్ పాఠశాల పోక్సో కేసులో 2023లో ప్రిన్సిపాల్ కారు డ్రైవరుకు 20 ఏళ్ల శిక్ష పడి ప్రిన్సిపాల్ నిర్దోషిగా బయటపడటం ఈ నమ్మకానికి అడ్డొచ్చే మాటే.

ఇక కుటుంబం చేయగలిగినవి. జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా కట్టించవచ్చు. ఎస్సై కాదంటే ఎస్పీకి రాయాలి, తర్వాత మేజిస్ట్రేటు. పోక్సో ప్రత్యేక కోర్టు ఫిర్యాదు మీద నేరుగా కూడా కేసు చేపట్టగలదు. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని సెక్షన్లు చూసుకోవడం ముఖ్యం. విద్యాసంస్థ సిబ్బంది చేసిన లైంగిక దాడికి 9, 10 సెక్షన్లు పడాలి, కనీస శిక్ష 5 ఏళ్లు. 7, 8 మాత్రమే వేస్తే అది 3కు దిగుతుంది. అత్యాచారమైతే 5, 6 సెక్షన్లు, కనీసం 20 ఏళ్లు. ఎఫ్‌ఐఆర్ కట్టకముందే వైద్యపరీక్ష చేయించవచ్చు. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో బిడ్డ కోరిన చోటో, యూనిఫాం లేని అధికారి తీసుకోవాలి. 2020 నియమాల ప్రకారం బాలల సంక్షేమ సమితి సహాయక వ్యక్తిని ఇస్తుంది. తీర్పు దాకా ఆగకుండా కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. పిల్లలకు న్యాయసేవాధికార సంస్థ వకీలు ఉచితం.

శాఖాపరమైన విచారణను మాత్రం నేరకేసుకు బదులుగా ఒప్పుకోకూడదు. సస్పెన్షన్, బదిలీ చూపించి కుటుంబాన్ని చల్లబరచడం పాత పద్ధతి. ఆ విచారణను కేసుతోపాటు నడపాలి. నవోదయ విద్యాలయ ఉపాధ్యాయుడు అవినాశ్ నాగ్రా కేసులో, బాలికను ఎదురు ప్రశ్నలకు గురిచేసే పూర్తి విచారణ లేకుండానే ఉద్యోగంలోంచి తీసేయడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది.

రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలు సంస్థాధిపతుల మీద 21వ సెక్షన్ కింద వేసిన ఛార్జిషీట్ల లెక్కను ఏటా విడిగా ప్రకటించాలి. పోక్సో మీద రాసే పరిశోధకులు ముందుగా అడగవలసింది ఆ లెక్కే.