గడువు తీరిన సభ, గడువు తీరిన ప్రధాని: లిబియాలో ఫతి బషాఘా నియామక వివాదం

2022 ఫిబ్రవరి 10న తూర్పు నగరం తోబ్రుక్‌లో సమావేశమైన లిబియా ప్రతినిధుల సభ ఫతి బషాఘాను తాత్కాలిక ప్రభుత్వానికి ప్రధానిగా ఎంపిక చేసినట్టు ప్రకటించింది. పోటీలో ఉన్న రెండో అభ్యర్థి తప్పుకున్నారని స్పీకర్ అగీలా సాలేహ్ చెప్పారు. ఎంపిక ఏకగ్రీవమని సభ ప్రతినిధి వెల్లడించారు. కానీ సమావేశపు ప్రత్యక్ష ప్రసారం సరిగ్గా ఓటింగుకు ముందే ఆగిపోయింది. ట్రిపోలీలో ప్రధాని పదవిలో ఉన్న అబ్దుల్ హమీద్ ద్బేబా ఈ ఎంపికను తోసిపుచ్చారు. ఎన్నికల్లో గెలిచి వచ్చిన ప్రభుత్వానికి తప్ప ఇంకెవరికీ పగ్గాలు అప్పగించబోనని తేల్చి చెప్పారు.

ఈ గొడవను తూర్పు, పడమర లిబియాల మధ్య పోరుగా చూడటం పరిపాటి. ఆ చూపుకు ఇక్కడ ఆధారం బలహీనం. బషాఘా, ద్బేబా ఇద్దరూ పడమటి నగరమైన మిస్రాతాకు చెందినవారే. 2019–20లో తూర్పు లిబియా సైనిక నాయకుడు ఖలీఫా హఫ్తర్ సేనలు ట్రిపోలీని ముట్టడించినప్పుడు నగరాన్ని కాపాడుకున్న ప్రభుత్వంలో బషాఘాయే హోంమంత్రి. రెండేళ్లు తిరక్కుండానే అదే హఫ్తర్ శిబిరం ఆయన నియామకాన్ని స్వాగతించింది. అసలు చిక్కు ప్రాంతాలది కాదు. ప్రధానిని నియమించే హక్కు ఎవరిదో చెప్పగల, గడువు మిగిలిన వ్యవస్థ ఆ దేశంలో ఒక్కటీ లేకపోవడమే.

సభనే చూద్దాం. అది 2014 జూన్‌లో ఎన్నికైంది. ఆ ఎన్నికకు ఆధారమైన రాజ్యాంగ సవరణను ట్రిపోలీలోని సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో కొట్టేసింది. సభ ఆ తీర్పును ఒప్పుకోలేదు. 2015 డిసెంబరు నాటి స్ఖిరాత్ ఒప్పందం సభను కొనసాగనిస్తూనే, పక్కన సలహా సభగా ఉన్నత రాజ్య మండలిని నిలబెట్టింది. ఇక ద్బేబాకు అసలు జనం ఓటే లేదు. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన సంప్రదింపుల వేదిక 2021 ఫిబ్రవరి 5న జెనీవాలో ఆయన జట్టును 39–34 ఓట్లతో ఎంచుకుంది. ఓడిన జట్టులో ప్రధాని అభ్యర్థి బషాఘా, అధ్యక్ష మండలికి అభ్యర్థి అగీలా సాలేహ్. అంటే ఏడాది తర్వాత బషాఘా ఎంపిక జరిగిన సభకు స్పీకరు, జెనీవాలో ఆయనతో కలిసి ఓడిన మనిషే. దీన్ని కాకతాళీయమనుకోవడం కష్టం.

ద్బేబా పక్షం కూడా కడిగిన ముత్యమేమీ కాదు. ఎన్నికల్లో నిలబడనని ముందే మాటిచ్చి, అధ్యక్ష పదవికి నామినేషన్ వేశారు. ఆయన ప్రభుత్వం ఉన్నదే 2021 డిసెంబరు 24న ఎన్నికలు జరిపించడానికి. అవి జరగలేదు. సభ అప్పటికే, సెప్టెంబరులోనే, ఆయనపై విశ్వాసం ఉపసంహరించుకుంది.

2022 మార్చి 1న బషాఘా మంత్రివర్గం సభ విశ్వాసం పొందింది. హాజరైన 101 మందిలో 92 మంది అనుకూలమని లెక్క చెప్పారు. ఓటింగులో పారదర్శకత ఆశించిన స్థాయిలో లేదనీ, సమావేశానికి ముందు బెదిరింపులు జరిగాయన్న వార్తలు వచ్చాయనీ ఐక్యరాజ్యసమితి ఆందోళన తెలిపింది. మొదట్లో సుముఖంగా కనిపించిన ఉన్నత రాజ్య మండలి కూడా అప్పటికే వెనక్కి తగ్గింది.

కాగితం మీది ఈ నియామకానికి అసలు పరీక్ష ట్రిపోలీలో ఎదురైంది. మే 17 తెల్లవారుజామున బషాఘా నగరంలోకి వచ్చారు. వెంటనే సాయుధ దళాల మధ్య కాల్పులు మొదలయ్యాయి. కొన్ని గంటల్లోనే ఆయన వెనుదిరిగి, సిర్త్ నుంచి పాలన సాగిస్తానన్నారు. సిర్త్‌లో కార్యాలయం పెట్టుకోవచ్చు, ఖజానా మాత్రం అక్కడ లేదు. చమురు రాబడి చేరేది ట్రిపోలీలోని కేంద్ర బ్యాంకుకు. ప్రభుత్వ జీతాలు కదిలేదీ అక్కడి నుంచే. తూర్పు వర్గాలు ఏప్రిల్ నుంచి చమురు ఉత్పత్తిని అడ్డుకున్నా ద్బేబా దిగిరాలేదు. జులైలో ద్బేబా జాతీయ చమురు సంస్థ అధిపతిని మార్చి, హఫ్తర్‌కు దగ్గరివాడిగా పేరున్న ఫర్హత్ బెన్‌గ్దారాను తెచ్చారు, దిగ్బంధం తొలగిపోయింది. నా దృష్టిలో బషాఘా ఆశలకు మే నెల తుపాకుల కన్నా పెద్ద దెబ్బ ఇదే. తన వెనక ఉన్నవారే తన ప్రత్యర్థితో బేరం కుదుర్చుకున్నాక ఆయనకు మిగిలిన బలమెంత? ఆగస్టు 27న ట్రిపోలీలో మళ్లీ పోరు జరిగి 32 మంది చనిపోయారు. ద్బేబా కదల్లేదు.

2023 మే 16న ప్రతినిధుల సభే బషాఘాను సస్పెండ్ చేసి, విచారణకు ఆదేశించి, ఆయన ఆర్థికమంత్రి ఒసామా హమ్మాద్‌కు బాధ్యతలు అప్పగించింది. అలా తూర్పున సభ నియమించిన మరో ప్రధాని వచ్చారు గానీ, ట్రిపోలీలో ప్రధాని మారలేదు, జాతీయ ఎన్నికలూ జరగలేదు.