వ్రేలిముద్ర పూర్వోత్తరములు

తెలుగునాట ఒకనిని "వ్రేలిముద్రగా" డనిన, వానికి అక్షరజ్ఞానము లేదని యర్థము. ఆ మాటలో కొంత జాలియు, అంతకు మించి తిరస్కారమును గలవు. మా పెనుబల్లి ప్రాంతము 1948 వరకు నిజాము రాజ్యమునందుండెను. ఇచటినుండి కొంత దూరము దక్షిణమునకు బోయినచో ఇంగ్లీషువారి కృష్ణాజిల్లా. తూర్పున అడవి దాటినచో భద్రాచలము, అదియు నాడు ఇంగ్లీషువారి పాలనలోనిదే. మావైపు కచ్చేరీ వ్యవహారమంతయు ఉర్దూలో జరిగెడిది. తెలుగు తప్ప వేరొకటి యెరుగని రైతు, తాను చదువజాలని కాగితముపై బొటనవ్రేలితో నిశానీ వేసి, అందేమి యున్నదో షావుకారు చెప్పినదే నమ్మి యింటికి బోవువాడు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుకొని, పల్లెలలో రాత్రిబడులు నడపినవారి వరకు, పెద్దలు పడిన శ్రమలో ఒక పాలు ఈ నిశానీని మాన్పి సంతకము నేర్పుటకే వ్యయమయినది. కూడబలుకుకొనుచు తన పేరు తాను వ్రాసిననాడు ముసలి రైతు ముఖమున గనుపించిన గర్వము చదువరులలో పలువురు తమ యిండ్లలోనే చూచియుందురు.

ఇప్పుడు పండితుడును పాలేరును ఒకే యంత్రముపై వ్రేలు మోపుచున్నారు. బియ్యమునకు వ్రేలు, ఫోను సిమ్మునకు వ్రేలు, భూమి రిజిస్ట్రేషనుకు వ్రేలు, బ్యాంకు సొమ్మునకు వ్రేలు. సంతకము నేర్చినవానికి ఆ సంతకముతో బని తగ్గిపోయినది. ఈ మార్పు ఎట్లు వచ్చెనో కొంత వెనుకకు బోయి చూతము.

1858లో వంగదేశమున ముర్షిదాబాదు జిల్లాలోని జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర యుద్యోగము చేయుచుండెను. రోడ్డు సామగ్రి సరఫరా చేయుటకు రాజ్యధర్ కోనాయి అను కంట్రాక్టరు ఒడంబడిక వ్రాసి యిచ్చెను. ఆ సంతకము తనది కాదని యితడు రేపు బొంకునేమో యని దొరకు శంక. అందుచే అతని యరచేతికి సిరా పూసి కాగితముపై నొత్తించెను. నాడు ఆ ముద్రలను పోల్చిచూచు శాస్త్రము లేదు, భయపెట్టుటయే యుద్దేశము. కావున ఈ విద్య విజ్ఞానమువలన గాక యపనమ్మకమువలన బుట్టినదని మేము చెప్పిన నతిశయోక్తి కానేరదు. శాస్త్రము తరువాత వచ్చినది. 1897లో కలకత్తాలో ముద్రల కార్యాలయము నెలకొన్నది. లక్షల ముద్రలను వర్గీకరించి కోరినదానిని క్షణములో వెదకి తీయు లెక్కను అచటి యుద్యోగులైన అజీజుల్ హక్, హేమచంద్ర బోసులు సాధించిరి. ఆ పద్ధతికి లోకమున నిలిచిన పేరు మాత్రము వారి పై యధికారియైన ఎడ్వర్డు హెన్రీది. ఇట్టివి చరిత్రలో క్రొత్త గాదు.

పిమ్మట ఈ ముద్ర మొదట నెవరిపై బడెనో గమనింపదగును. 1911 నాటి నేరజాతుల చట్టము, అట్లు ప్రకటింపబడిన జాతివారి వ్రేలిముద్రలను ఎప్పుడైనను దీసికొను నధికారము సర్కారున కిచ్చెను. గుంటూరు సీమలో 1913లో స్టూవర్టుపురము స్థాపించి ఎరుకల కుటుంబములను కాపుదలలో నుంచినది ఈ కాలముననే. నేరము చేసినవాడు గాదు, పుట్టినవాడే ముద్ర వేయవలెను! దక్షిణాఫ్రికాలోని ట్రాన్సువాలునందు భారతీయులందరును పది వ్రేళ్ల ముద్ర లిచ్చి చీటి పొందవలెనని శాసించినప్పుడు, 1906 సెప్టెంబరు 11న జోహాన్నెస్బర్గులో గాంధీగారును తోడివారును ఎదిరించుటకు ప్రతిజ్ఞ చేసిరి. సత్యాగ్రహ మక్కడ మొలకెత్తినది. ముద్ర వేయుట దొంగకు దగినదే కాని గృహస్థునకు దగదని నాటివారి యభిమానము. బలవంతముగా నడుగుట వేరు, మనసార నిచ్చుట వేరని గాంధీగారి వాదము. ఆ మాట నమ్మి 1908లో తాను ముద్ర వేయబోవుచు దనవారిచేతనే దెబ్బలు తినెను. సర్కారు మాట తప్పినదని తలచి, అదే యేడు ఆగష్టున ఆ చీటీలను కుప్పవోసి కాల్పించెను.

స్వరాజ్యము వచ్చిన తరువాత ముద్రకు గౌరవము పెరిగెను. దస్తావేజులపై ఫొటోయు వ్రేలిముద్రయు నుండవలెనని 2001లో రిజిస్ట్రేషను చట్టమును సవరించిరి. దొంగ దస్తావేజులు పెచ్చుపెరిగిన దేశమున నిది మంచి యేర్పాటే. అంతకుముందే, 1998లో, ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కచ్చేరీలలో కంప్యూటర్లు ప్రవేశించెను. 2010లో ఆధారు వచ్చెను. రేషను దుకాణములలో చిన్న యంత్రములు వచ్చెను. దొంగకార్డులు కొన్ని తొలగిన మాట నిజము; దానిని మేము కాదనము.

కాని వ్రేలు అందరిదియు నొక్కటి గాదు. మావైపు మిరపతోటలలో కాయ కోయువారు, ఎండకాలమున అడవిలో తునికాకు సేకరించి కట్టలు కట్టువారు, సున్నము సిమెంటు కలుపువారు — వీరి వ్రేళ్లపై గీతలు అరిగిపోవును. వార్ధక్యమున చర్మ మెండి పలుచనై గీతలు చెదరును. కష్టపడినకొలది గుర్తు మాయమగు నన్నమాట. "అవ్వా, వేలు పడటల్లేదు, రేపు రా" అని డీలరు చెప్పగా, ముసలమ్మ వ్రేలిని కొంగున దుడుచుకొని, తలనూనె రాచి, మరల మోపుట మేము పలుమారులు చూచితిమి. వ్రేలు పడిననాడు సిగ్నలుండదు. సిగ్నలున్ననాడు సర్వరు పలుకదు. కనుపాప చూపుట, ఫోనుకు వచ్చు అంకెలు చెప్పుట వంటి మార్గములు తరువాత వచ్చినవి. అవి తెలిసినవారు ధన్యులు. డీలరుపై గోపించి లాభము లేదు. అతడును ఆ యంత్రమునకు బంటే. తెలంగాణమున కంప్యూటరు లెక్కనుబట్టి 2016 నుండి రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషను కార్డులను, ఇల్లిల్లు తిరిగి మరల విచారింపుడని 2022 ఏప్రిలులో సుప్రీముకోర్టు చెప్పవలసి వచ్చినది. మునుపు పట్వారితో నైనను వాదింపవచ్చును. తెరపై నెఱ్ఱయక్షరములతో నెవరు వాదింపగలరు?

ఇక గోప్యత సంగతి. దేశమునకంతకు మార్గదర్శకమైన తీర్పొకటి మన తెలుగు రాజ్యపు తగవునుండియే వచ్చినదని చాలమంది యెరుగరు. స్టాంపు సుంకము ఎగవేతను పట్టుకొను నెపమున, బ్యాంకులలో జొచ్చి జనుల కాగితములను సోదా చేయు నధికారమును ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1986 నాటి సవరణచే కలెక్టరు పంపినవారి కెల్ల నిచ్చుకొనెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. 2004లో సుప్రీముకోర్టు కెనరాబ్యాంకు వ్యాజ్యములో నదే నిలిపి, గోప్యతాహక్కు స్థలముది కాదు, మనుష్యునిది. కాగితము బ్యాంకులో నున్నంతమాత్రమున నది బజారుపాలు కాదని నిర్ణయించెను. 2017 ఆగష్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి వ్యాజ్యములో గోప్యత ప్రాథమిక హక్కేయని యేకగ్రీవముగా బలికిరి. మరుసటి యేడు ఆధారును రాయితీలకు నిలిపి, సిమ్మునకును బ్యాంకు ఖాతాకును తప్పనిసరి చేయుటను కొట్టివేసిరి.

తీర్పు అట్లుండగా, అదే 2018 జూనులో పెద్దపల్లి జిల్లాకు జెందిన సిమ్ముల వ్యాపారి యొకడు పట్టుబడెను. అతని యుపాయము వినదగినది. రిజిస్ట్రేషను దస్తావేజులు సర్కారు వెబ్‌సైటులో నెవరికైనను దొరకుచుండెను. వానిపై, చట్టము కోరినట్లే, వ్రేలిముద్రలు స్పష్టముగా నుండెను. వానిని దించుకొని, రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో వ్రేళ్లు తయారు చేసి, వేలకొలది సిమ్ములు తెరచెను. కంపెనీ పెట్టిన అమ్మకపు లెక్క నింపుటకే యింత పని! దొంగ దస్తావేజులను ఆపుటకు దెచ్చిన ముద్ర దొంగవ్రేళ్లకు మూసయైనది. ఇట్టి రబ్బరు వ్రేళ్లతోనే బ్యాంకు సొమ్ము తీసిన ముఠాలును తరువాత పట్టుబడినవి. తాళము పోయిన మరియొకటి కొందుము. సంతకము మార్చుకొందుము. వ్రేలు మార్చుకొనుట యెట్లు?

ముద్ర దుర్వినియోగము కాకుండ దానికి "లాకు" వేసికొను సదుపాయము ఆధారు సంస్థవా రేర్పరచిరి. చేతిలో ఫోనున్న గృహస్థులు నేడే వేసికొనుట మేలని మా సలహా. బియ్యమునకు బోవునప్పుడు దానిని తెరచి, మరల మూయవలెను. ఆ పని చేయుటకు ఆధారులో నమోదైన ఫోను నంబరునకు వచ్చు అంకెలు కావలెను. మా వీథిలోని ముసలమ్మలలో పలువురి ఆధారునందున్న నంబరు, హైదరాబాదులో పనిచేయు కుమారుని జేబులో నున్నది.