విడుదల కాని సినిమాకు ఓటు

1985 అక్టోబరు. హాలీవుడ్‌లో స్టూడియో పెద్దలు, నిర్మాతలు, ఏజెంట్లు తప్పకుండా తిరగేసే పత్రిక ‘వెరైటీ’. ఆ రోజు అందులో ఒక పేజీ దాదాపు ఖాళీగా ఉంది. చుట్టూ సంతాప ప్రకటనకు వేసినట్టు నల్లటి గీత. మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న. సిడ్ షైన్‌బర్గ్ గారూ, నా సినిమా ‘బ్రెజిల్’ని ఎప్పుడు విడుదల చేస్తారు? కింద పేరు టెర్రీ గిలియం.

షైన్‌బర్గ్ అంటే యూనివర్సల్ మాతృసంస్థ ఎంసీఏకి అధ్యక్షుడు. స్పీల్‌బర్గ్ ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడే అతనిలోని ప్రతిభను పసిగట్టి అవకాశం ఇచ్చినవాడు. అంతటివాణ్ణి ఒక దర్శకుడు పరిశ్రమ మొత్తం చూస్తుండగా నిలదీశాడు. ఇక ఈ ఊళ్లో అతనికి పని దొరకదని అనుకున్నవాళ్లే ఎక్కువ.

గొడవ ఎక్కడ మొదలైందో తెలియాలంటే సినిమా గురించి కొంచెం చెప్పాలి. పేరు ‘బ్రెజిల్’ అయినా ఆ దేశంతో కథకు సంబంధం లేదు, పేరు ఒక పాత పాటది. కథ మొదట్లో ఆఫీసు గదిలో ఒక గుమాస్తా పురుగును కొడతాడు. అది చచ్చి, కింద కాగితాలు అచ్చేస్తున్న యంత్రంలో పడుతుంది. అరెస్టు కాగితం మీద ‘టటిల్’ కాస్తా ‘బటిల్’ అయిపోతుంది. ఇంట్లో క్రిస్మస్ జరుపుకుంటున్న అమాయకుడు బటిల్ మీదికి పైకప్పుకు కన్నం చేసి మరీ సాయుధులు దిగుతారు. అతణ్ణి కట్టిపడేసి తీసుకుపోతూ, మొగుణ్ణి తీసుకెళ్తున్నందుకు భార్య చేత రసీదు మీద సంతకం పెట్టించుకుంటారు. ఆధార్ కార్డులో ఒక్క అక్షరం తప్పుపడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ దృశ్యంలో నవ్వూ భయమూ రెండూ తెలుస్తాయి.

ఖర్చు కోటిన్నర డాలర్లు. అందులో 90 లక్షలు అమెరికా హక్కులు తీసుకున్న యూనివర్సల్‌వి. మిగతా దేశాల హక్కులు ఫాక్స్ సంస్థవి. ఫాక్స్ 142 నిమిషాల సినిమాను 1985 ఫిబ్రవరిలోనే ఐరోపాలో ఉన్నదున్నట్టు విడుదల చేసింది. అమెరికాలో మాత్రం చిక్కొచ్చిపడింది. ఒప్పందం ప్రకారం నిడివి 125 నిమిషాలు దాటకూడదు. గిలియం తనే కత్తెర పట్టి 131కి తెచ్చాడు. అయినా షైన్‌బర్గ్ ఒప్పుకోలేదు. అసలు అభ్యంతరం ముగింపు మీద. హీరో శామ్ ప్రియురాలితో తప్పించుకుని పచ్చటి పల్లెకు చేరతాడు. అది నిజం కాదనీ, చిత్రహింసల కుర్చీలో కట్టేసి ఉన్న మనిషి చివరి ఊహ అనీ మరుక్షణం తెలుస్తుంది. స్టూడియో ఆ మరుక్షణాన్ని తీసేయాలంది. తన ఎడిటర్లతో ప్రేమ గెలిచే 94 నిమిషాల సినిమా ఒకటి తయారుచేయించింది.

ఆ కోత సినిమా తీసిన కారణాన్నే తీసేస్తుంది. గిలియం ససేమిరా అన్నాడు. పెట్టుబడి పెట్టినవాడికి భయం ఉండటం సహజమే. ఆ భయానికి కథ ప్రాణం తీసే హక్కు మాత్రం లేదు.

ప్రకటన తర్వాత గిలియం, నిర్మాత అర్నాన్ మిల్చన్ ఇంకో దారి పట్టారు. స్టూడియోకు తెలియకుండా లాస్ ఏంజెలెస్ విమర్శకులకు సినిమా చూపించడం మొదలుపెట్టారు. ప్రివ్యూ థియేటర్ లేదు, ప్రెస్ నోట్ లేదు. ఇళ్లలో కొద్దిమంది చొప్పున కూర్చుని చూశారు. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు.

డిసెంబరు 14. లాస్ ఏంజెలెస్ ఫిల్మ్ క్రిటిక్స్ అసోసియేషన్ వార్షిక ఓటింగ్ జరిగింది. 1975లో పుట్టిన ఈ సంఘంలో ఉన్నది ఆ నగరపు విలేఖరులు, విమర్శకులు. ఏటా డిసెంబరులో సమావేశమై, ఒక్కో విభాగానికి ఓటేసి, విజేతతో పాటు రెండో స్థానాన్నీ ప్రకటిస్తారు. అమెరికాలో ఇంకా ఒక్క టికెట్టూ తెగని సినిమాకు ఓటేయవచ్చా? నిబంధనల్లో కాదనే మాట లేదు.

ఓట్లు లెక్కించారు. ఉత్తమ చిత్రం ‘బ్రెజిల్’. ఉత్తమ దర్శకుడు గిలియం. ఉత్తమ స్క్రీన్‌ప్లే కూడా ‘బ్రెజిల్’కే. రెండో స్థానంలో నిలిచిన చిత్రం ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’. ఆస్కార్ల కోసం యూనివర్సల్ ఆశలన్నీ పెట్టుకున్నది దాని మీదే!

నాలుగు రోజులు తిరక్కుండానే, డిసెంబరు 18న, అదే యూనివర్సల్ ‘బ్రెజిల్’ని విడుదల చేసింది. గిలియం కుదించిన 131 నిమిషాలు, గిలియం ముగింపుతో. కోర్టు తీర్పు లేదు, ప్రభుత్వ ఆదేశం లేదు. విడుదలైతే ఒక్క డాలరు లాభం రాని కొందరు, చూసినదాన్ని చూసినట్టు చెప్పారు, అంతే. విమర్శకుడి వృత్తికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

తర్వాత కథ సినిమాలో లాగా లేదు. ‘బ్రెజిల్’కి రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ ఏడు గెలిచింది. అమెరికాలో ‘బ్రెజిల్’కి డబ్బూ అంతంతమాత్రమే వచ్చింది. కానీ సినిమా నిలిచింది. ఈ పోరాటం మీద విమర్శకుడు జాక్ మాథ్యూస్ ఏకంగా పుస్తకమే రాశాడు.

ఆ లాస్ ఏంజెలెస్ విమర్శకుల సంఘం పేరు మనకు కొత్త కాకూడదు. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ సంగీతానికి కీరవాణిని ఉత్తమ సంగీత దర్శకుడిగా ఎంచుకున్నది వీళ్లే. దర్శకత్వంలో రెండో స్థానం రాజమౌళికి ఇచ్చారు. ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ మోగడానికి మూడు నెలల ముందు మాట ఇది. మనవాళ్లు ఆస్కార్‌ని గుర్తుపెట్టుకున్నారు, ఈ ఓటును మరిచిపోయారు. అది సబబు కాదు.

‘బ్రెజిల్’ ఇంకా చూడనివాళ్లు ఈ వారమే చూడండి. షైన్‌బర్గ్ కోరిన 94 నిమిషాల కోత కూడా తర్వాత డిస్కుల్లో వచ్చింది కాబట్టి, ఒక్క సంగతి సరిచూసుకోండి. మీరు చూడాల్సింది 142 నిమిషాలది.