చింతపండు జాడీ, నిమ్మకాయలు

శుక్రవారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగించం. పిల్లలు పెట్టిన రూలు అది. నాకేమీ అభ్యంతరం లేదు, మీకూ ఉండదనుకుంటాను! శాన్ హోజేలో మా వీధి చివర ఒక చిన్న థాయ్, వియత్నాం హోటల్ ఉంది. పన్నెండేళ్లుగా మా శుక్రవారం భోజనం అక్కడే. ఈసారి అవనిగడ్డ నుంచి వచ్చిన మా అత్తయ్యని కూడా తీసుకెళ్లాం. ఆవిడ పూర్తి శాకాహారి.

చిక్కంతా అక్కడే. వియత్నాం వంటలో నువోక్ మామ్, థాయ్ వంటలో నామ్ ప్లా. పేర్లు వేరైనా రెండూ చేప సాసే. మనకి ఉప్పు ఎలాగో వాళ్లకి అది అలాగ. కానీ మెనూలో "చయ్" అని రాసినవి శాకాహారం (మన చాయ్ కాదు). బౌద్ధం పాటించే వియత్నాం వాళ్లు చాలామంది చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. ఈ మాట చెప్పగానే అత్తయ్య, "అంటే పౌర్ణమికీ అమావాస్యకీ మనలాగే నియమం అన్నమాట" అని కుర్చీలో కాస్త కుదురుగా కూర్చున్నారు.

ఆవిడకి ముల్లంగి, క్యారెట్, పుట్టగొడుగులు మరిగించిన చయ్ ఫో చెప్పాను. మొదట్లో ఫో అంటే గొడ్డు ఎముకల పులుసే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తరాన హనోయ్, నామ్ దిన్ వైపు పుట్టింది. ఫ్రెంచివాళ్లు గొడ్డుమాంసం తినడం మొదలుపెట్టాక మిగిలిన ఎముకలే దానికి ఆధారమని ఎక్కువమంది చెప్తారు. 1954లో దేశం రెండు ముక్కలైనప్పుడు 8 నుంచి 10 లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లిపోయారు. వాళ్లతో పాటు ఫో కూడా సైగాన్ చేరింది. పక్కన పళ్లెం నిండా మొలకలు, తులసిలాంటి ఆకులు, నిమ్మచెక్కలు ఇస్తారే, ఆ వైభవం దక్షిణాదిది. ఉత్తరాదివాళ్లు గిన్నెలో ఇంత హడావిడి ఒప్పుకోరట. గోంగూరలో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అని మా పుట్టింటివాళ్లకీ అత్తింటివాళ్లకీ జరిగే గొడవ లాంటిదే.

పిల్లలు ఎప్పట్లాగే పాడ్ థాయ్ చెప్పారు. అది తరతరాల నాటి వంటనుకునేదాన్ని. కాదు. సయాం పేరుని 1939లో థాయ్‌లాండ్‌గా మార్చిన ప్రధాని ఫిబున్ సొంగ్‌క్రామ్, జాతి మొత్తానికీ ఒకే గుర్తింపు ఉండాలని నూడుల్స్ తినడాన్ని ప్రోత్సహించాడు. నూడుల్స్ చైనావాళ్లవి, పేరు మాత్రం థాయ్. పులుపు మాత్రం మన చింతపండుదే. కారం సంగతి ఇంకా తమాషా. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ద్వారా వాళ్లకీ మనకీ వచ్చింది. మనం మిరియం పేరు మీద దానికి మిరపకాయ అని పేరు పెట్టుకున్నాం. థాయ్ వాళ్లు మిరపకి ప్రిక్ అనే పాత పేరు ఇచ్చేసి, మిరియాన్ని ప్రిక్ థాయ్, అంటే "థాయ్ ప్రిక్" అన్నారు. కొత్త కోడలు వచ్చి పాత పేరు లాగేసుకుందన్నమాట. (అత్తయ్య దగ్గర ఈ పోలిక చెప్పలేదు లెండి.)

కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దావిడ ఫో ఎలా ఉందో అడగడానికి వచ్చింది. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయాక మొదలైన వలస ఏళ్ల తరబడి సాగింది. పడవల్లో బయల్దేరి బతికి ఒడ్డు చేరినవాళ్లే దాదాపు 8 లక్షల మంది. చేరనివాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఈవిడ పడవ థాయ్‌లాండ్ తీరానికి చేరింది. సొంగ్‌ఖ్లా శరణార్థి శిబిరంలో ఏడాదిన్నర ఉండి ఇక్కడికొచ్చింది. ఆ బోర్డు మీద థాయ్ పేరు ఎందుకని ఒకసారి అడిగితే, "అమెరికా వాళ్లకి ముందు పాడ్ థాయే తెలుసు" అని నవ్వేసింది. ఇప్పుడు శాన్ హోజేలో వియత్నాం వాళ్లు లక్ష దాటారు.

ఇదంతా అత్తయ్యకి తెలుగులో చెప్పాను. ఆవిడ చెంచా పక్కన పెట్టి, "పడవెక్కేటప్పుడు ఏం తెచ్చుకుందో అడుగు" అన్నారు.

అడిగాను. "నిమ్మకాయలు, పంచదార. దాహానికి." అంతే చెప్పింది పెద్దావిడ.

అత్తయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు. "ఉప్పెన వచ్చిన రాత్రి నేను చింతపండు జాడీ పట్టుకుని పక్కవాళ్ల మేడెక్కాను. బంగారం లోపలే ఉండిపోయింది. జాడీ ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు."

1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. ప్రభుత్వ లెక్కలోనే సుమారు 10 వేల ప్రాణాలు పోయాయి. మా ఆయన అప్పటికి పుట్టలేదు. ఆవిడ కోడలిగా వచ్చి ఏడాది. నేను ఆ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఆ జాడీ మాట ఆ రోజే విన్నాను. మా ఆయన కూడా అంతే.

నేను ఇంగ్లీషులో చెప్పబోతే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. కుర్చీ లాక్కుని అత్తయ్య పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. అత్తయ్య పాడ్ థాయ్ పళ్లెం చూపించి, వేలితో తాకి, "చింతపండు" అన్నారు. ఆవిడ "మే" అంది. వియత్నాం భాషలో చింతకి అదే పేరట.

బిల్లు కట్టి బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. వచ్చే శుక్రవారానికి చారుపొడి పొట్లం కట్టి పెట్టమని అత్తయ్య కారులోనే చెప్పారు, ఇంగువ తక్కువ వెయ్యమని కూడా.